దద్దుర్లు కాళ్ల మీద.. పురుగు ఇంట్లో!

సంక్రాంతికి ఊరెళ్లిన ఓ ఎల్‌బీ నగర్ కుటుంబం పది రోజులకు తిరిగొచ్చి ఫ్లాట్ తాళం తీసింది. ఆ సాయంత్రం నుంచే పిల్లలిద్దరికీ మోకాళ్ల కింద ఎర్రటి దద్దుర్లు, ఒకటే దురద. ‘నీళ్లు పడలేదు’ అన్నారు నానమ్మ. ‘వేడి చేసింది’ అన్నారు పక్కింటివారు. మందుల షాపులో ఇచ్చిన ట్యూబ్ మూడు వారాలు రాసి, తగ్గక నా దగ్గరికి వచ్చారు. నేనడిగింది ఒక్కటే: ‘ఇంట్లో కుక్క గానీ పిల్లి గానీ ఉందా?’ పండక్కి ముందు బాల్కనీలో ఓ పిల్లి పిల్లల్ని పెట్టిందట!

దోషి ఫ్లీ. కుక్కలు, పిల్లులు, ఎలుకల ఒంటి మీద బతికే గెంతుడు పురుగు. రెండు మూడు మిల్లీమీటర్లు ఉంటుంది. ముదురు గోధుమ రంగు, రెక్కలుండవు. పిడుదు చర్మాన్ని పట్టుకుని ఉండిపోతుంది. ఇది కుట్టి గెంతేస్తుంది. సాధారణంగా మడమలు, పిక్కల మీద రెండు మూడు కాట్లు గుంపుగా కనిపిస్తాయి. నల్లి రాత్రిపూట ముఖం, మెడ, చేతులపై కుడుతుంది. గజ్జి అయితే వేళ్ల సందుల్లో, మణికట్టు దగ్గర దురద మొదలవుతుంది.

ఇంట్లోనే ఓ పరీక్ష చేయొచ్చు. కుక్కనో పిల్లినో సన్నపళ్ల దువ్వెనతో దువ్వండి. రాలిన నల్లటి నలుసులను తడి తెల్లకాగితంపై వేయండి. ఎర్రగా మారితే అది ఫ్లీ విసర్జించిన రక్తమే. మూసిన ఇంట్లోనూ దీని గూళ్లు నెలల తరబడి ఉండగలవు. మన అడుగుల అదురు, ఒంటి వేడి తగలగానే పురుగులు బయటికొస్తాయి.

కాబట్టి చర్మానికి మాత్రమే మందు రాస్తే చాలదు. పక్కబట్టలు వేడినీళ్లలో ఉతకండి. సోఫాలు, మూలలు వ్యాక్యూమ్ చేయండి. పెంపుడు జంతువుకు పశువైద్యుడితో మందు వేయించండి. కుక్కలకిచ్చే పెర్మెత్రిన్ మందు పిల్లి ప్రాణం తీయగలదు, జాగ్రత్త. పిల్లల గోళ్లు కత్తిరించండి. గోకితే చీము పడుతుంది. స్టెరాయిడ్ కలిసిన ట్యూబులు సొంతంగా వాడొద్దు. వారాల తరబడి రాస్తే చర్మం పలచబడుతుంది, తామర ఉంటే ముదురుతుంది.

సికింద్రాబాద్‌లో 1897లో రోనాల్డ్ రాస్ మలేరియా గుట్టు దోమలో కనిపెట్టారు. మరుసటి ఏడాదే కరాచీలో పాల్ లూయీ సిమాన్, ప్లేగును ఎలుకల నుంచి మోసేది ఫ్లీ అని చూపారు. ఇప్పుడు మన ఇళ్లలో ప్లేగు భయం అక్కర్లేదు. కానీ ఎలుకల ఫ్లీల వల్ల ఒక రకం టైఫస్ జ్వరం వస్తుంది. కాట్లు కనిపించాక రెండు వారాల్లోపు జ్వరం, తీవ్రమైన తలనొప్పి వస్తే ఆలస్యం చేయొద్దు. ఇంట్లో ఎలుకలున్నాయని, పురుగు కుట్టిందని డాక్టరుకు తప్పక చెప్పండి. సకాలంలో గుర్తిస్తే దానికి మంచి మందుంది. ఆ ఒక్క మాట చెప్పకపోతే, మేమూ ఆ జ్వరాన్ని పోల్చుకోలేకపోవచ్చు.