టీవీ కట్టేయాల్సింది ఎవరు?



విపత్తు వేళ వార్తలు మానేస్తే మనసు కుదుటపడుతుందన్న వ్యాసంతో సగమే ఏకీభవిస్తాను. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు మా అక్కావాళ్లు మేడ మీదే చిక్కుకుపోయారు. కరెంటు లేదు, ఫోన్లో చార్జింగ్ అడుగంటింది. పడవ ఏ సందు దాకా వస్తుంది, పాల ప్యాకెట్లు ఎక్కడిస్తున్నారు అన్న కబురు కోసమే అల్లాడారు. వాళ్లను వార్తలు మానమంటారా? గుంటూరులో పొడిగా కూర్చున్న మేమేమో టీవీలో అవే వరద దృశ్యాలు పదేపదే చూసి నిద్ర చెడగొట్టుకున్నాం. దానివల్ల అక్కకు మంచినీళ్ల సీసా కూడా చేరలేదు. కొవిడ్ మొదట్లో, 2020లో, ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా వార్తలు పూర్తిగా మానేయమనలేదు. రోజుకు ఒకటి రెండుసార్లు, నమ్మదగిన చోట చూడమంది. మానేయడానికీ తగ్గించడానికీ ఉన్న ఆ తేడాను వ్యాసకర్త వదిలేశారు. ఛానళ్లు వార్తల వెనక వేసే హోరు సంగీతం ఆపి, తెర అడుగున పడవల వివరాలు నడిపినా మా గుండెదడ కొంత తగ్గేది.

– ఒక పాఠకురాలు, గుంటూరు