ఇంగ్లండులో ఫ్లాటు కొంటున్నారా? లీజు ఎన్నేళ్ళు, మీ పేరున ఇంకేముంది?

ఆఫీసులో టీ తాగుతున్నా, వారాంతంలో నలుగురు మనవాళ్ళు కలిసినా ఈ మధ్య మాటలు ఇల్లు కొనడం మీదికే మళ్ళుతున్నాయి. లండన్ చుట్టుపక్కల ఇళ్ళ ధరలు చూశాక చాలామంది ఫ్లాటుతోనే మొదలుపెడుతున్నారు. నేను లాయరును కాను. మాస్టర్స్ చదవడానికి వచ్చి ఇక్కడే ఉద్యోగంలో కుదురుకున్న సాఫ్ట్‌వేర్ ఇంజినీరును. మా ఫ్లాటు లీజు పొడిగించుకునే పనిలో ఈ చట్టాలన్నీ చదవాల్సి వచ్చింది. అప్పటి నుంచి మిత్రులు ఎక్కువగా అడిగిన ప్రశ్నలకు జవాబులు ఇక్కడ ఒకచోట పెడుతున్నాను.

అసలు మనం కొనేది ఏమిటి?

హైదరాబాదులోనో విశాఖలోనో ఫ్లాటు కొంటే, సేల్ డీడులో ఆ ఫ్లాటుతో పాటు ఇన్ని గజాల అవిభక్త భూమి వాటా అని రాసి ఉంటుంది. భవనం పాతబడి కూలిపోయినా ఆ వాటా మనదే. ఇంగ్లండులో ఫ్లాటుకు సాధారణంగా అలాంటి వాటా ఉండదు. భూమి, భవనం ఫ్రీహోల్డరువి. మనం డబ్బిచ్చి కొనేది కొన్ని ఏళ్ళు: 99, 125, మరీ అదృష్టవంతులకు 999. ఆ ఏళ్ళు లీజు మొదలైన తేదీ నుంచి తరుగుతాయే గాని మనం కొన్న తేదీ నుంచి కాదు.

ఇందులో 80 అన్న అంకె గుర్తుపెట్టుకోవాలి. 2007లో 99 ఏళ్ళకు ఇచ్చిన లీజు 2026లో సరిగ్గా 80కి దిగుతుంది. అంటే 2000ల మొదట్లో కట్టిన ఫ్లాట్లు చాలా ఇప్పుడు ఈ గీత దగ్గరే ఉన్నాయి.

80 దాటితే ఏమవుతుంది?

1993 చట్టం ప్రకారం ఫ్లాటు లీజుదారు తన లీజును మరో 90 ఏళ్ళు పొడిగించమని అడగవచ్చు. గ్రౌండ్ రెంటు సున్నా అవుతుంది. దానికి బదులు ఫ్రీహోల్డరుకు కొంత సొమ్ము చెల్లించాలి. లీజులో 80 ఏళ్ళకు మించి మిగిలి ఉంటే ఫ్రీహోల్డరుకు కలిగే నష్టం మేరకే ఆ సొమ్ము. సరిగ్గా 80కి దిగినా, అంతకంటే తగ్గినా మ్యారేజ్ వాల్యూ అనే ఇంకో పద్దు కలుస్తుంది. పొడిగింపు వల్ల పెరిగే విలువలో సగం ఫ్రీహోల్డరుకు ఇవ్వాలన్నమాట.

ఊహాలెక్క ఒకటి చూద్దాం. పొడిగిస్తే మీ ఫ్లాటు విలువ 30,000 పౌండ్లు పెరుగుతుంది, ఫ్రీహోల్డరు నష్టం 8,000 అనుకోండి. మిగిలిన 22,000 మ్యారేజ్ వాల్యూ. అందులో సగం 11,000. మొత్తం 19,000 చెల్లించాలి. మ్యారేజ్ వాల్యూ లేకపోతే ఆ 8,000తో పోయేది. రెండు సందర్భాల్లోనూ మీ సొలిసిటరు, సర్వేయరు ఫీజులతో పాటు ఫ్రీహోల్డరు వైపు సహేతుకమైన ఫీజులు కూడా మీరే భరించాలని 1993 చట్టం చెబుతుంది.

కొత్త చట్టం వచ్చిందిగా, ఆగితే మంచిది కదా?

అందరూ అడిగేది ఇదే. 2024 మే 24న లీజ్‌హోల్డ్ అండ్ ఫ్రీహోల్డ్ రిఫార్మ్ యాక్టు రాజముద్ర పొందింది. 90 బదులు 990 ఏళ్ళ పొడిగింపు, మ్యారేజ్ వాల్యూ రద్దు, ఫ్రీహోల్డరు ఫీజుల భారం చాలావరకు తగ్గింపు ఇందులో ఉన్నాయి. పెద్ద ఫ్రీహోల్డర్లు దీనిపై హైకోర్టుకు వెళ్ళారు. 2025 అక్టోబరులో హైకోర్టు వాళ్ళ వాదనను తోసిపుచ్చింది.

అయితే చట్టం పుస్తకంలోకి ఎక్కడం వేరు, అమలులోకి రావడం వేరు. ఒక్కో భాగానికి ప్రభుత్వం విడిగా తేదీ ప్రకటించాలి. నేను చెప్పిన ఆ మూడూ 2025 చివరి వరకు అమలులోకి రాలేదు. పైగా కొత్త లెక్కకు వాడే వడ్డీ రేట్లను ప్రభుత్వమే నిర్ణయించాలి. ఆ రేట్లను బట్టి కట్టాల్సిన మొత్తం పెరగనూవచ్చు, తగ్గనూవచ్చు. కాబట్టి పత్రికల్లో శీర్షికలు చూసి ఆగిపోకండి. మీ విషయంలో ఆ భాగం ఈరోజు అమలులో ఉందా అని సొలిసిటరును సూటిగా అడగండి.

లేదంటే నా అభిప్రాయం ఇది. లీజు 90 పైన ఉంటే తొందర లేదు. 80 నుంచి 83 మధ్య ఉంటే ఆగవద్దు. విలువ కట్టేది నోటీసు ఇచ్చిన తేదీకే, కాబట్టి 80కి దిగకముందే నోటీసు వెళ్ళాలి. ఇప్పటికే 80 లోపు ఉండి, అమ్మే ఆలోచన గాని మార్ట్‌గేజ్ మార్చుకునే అవసరం గాని దగ్గర్లో లేకపోతే, ఆగడంలో అర్థం ఉంది. అమ్మాల్సి వస్తే మాత్రం ఇబ్బందే. లీజు తరిగేకొద్దీ అప్పిచ్చే బ్యాంకులు తగ్గిపోతాయి, కొనేవాళ్ళూ తగ్గిపోతారు.

కొన్న వెంటనే పొడిగించుకోవచ్చా?

ఇదివరకు రెండేళ్ళు యజమానిగా ఉండాలనే నియమం ఉండేది. 2025 జనవరి 31 నుంచి అది పోయింది. అయినా ల్యాండ్ రిజిస్ట్రీలో మీ పేరు ఎక్కాకే నోటీసు ఇవ్వగలరు, దానికి నెలలు పట్టవచ్చు. మీరు చూస్తున్న ఫ్లాటు 80 దగ్గరలో ఉంటే, అమ్మేవారి చేతనే సెక్షన్ 42 నోటీసు ఇప్పించి, కొనుగోలుతో పాటు ఆ హక్కును మీ పేరుకు బదలాయించుకోండి. ఈ షరతు కాంట్రాక్టులు మార్చుకోకముందే పెట్టాలి.

నోటీసులో జవాబుకు కనీసం రెండు నెలల గడువు ఇస్తారు. ఫ్రీహోల్డరు జవాబే ఇవ్వకపోతే మీరు అడిగిన షరతులపైనే కోర్టుకు వెళ్ళవచ్చు. జవాబిచ్చినా ధర కుదరకపోతే, ఆ జవాబు వచ్చిన 6 నెలల్లోగా ట్రైబ్యునల్‌కు దరఖాస్తు పెట్టాలి. ఆ తేదీ దాటితే నోటీసు చెల్లదు, మరో 12 నెలలు ఆగాలి.

నోటీసు లేకుండానే చవగ్గా పొడిగిస్తామని ఫ్రీహోల్డరు ఉత్తరం రాస్తే, ఎన్నేళ్ళు కలుపుతున్నారో, పాత గ్రౌండ్ రెంటు ఉంచుతున్నారేమో చదవండి. పదేళ్ళకోసారి రెట్టింపయ్యే 250 పౌండ్ల గ్రౌండ్ రెంటు 50 ఏళ్ళకు 8,000 అవుతుంది. 2022 జూన్ 30 తర్వాతి కొత్త లీజుల్లో చాలావాటికి ఈ బెడద లేదు గాని, పాత ఫ్లాట్లకు ఉంది.

హైదరాబాదులో ఫ్లాటు ఉంటే ఇక్కడ ఏం సంబంధం?

చాలా ఉంది. స్టాంప్ డ్యూటీలో మొదటిసారి కొనేవారికిచ్చే రాయితీ, ప్రపంచంలో ఎక్కడా ఎప్పుడూ ఇల్లు లేనివారికే. ఇద్దరు కలిసి కొంటే ఇద్దరికీ లేకపోవాలి. మీ పేరునో మీ జీవిత భాగస్వామి పేరునో వేరే దేశంలోనైనా 40,000 పౌండ్లకు తక్కువ కాని ఇల్లు ఇప్పటికీ ఉంటే అదనపు పన్ను కూడా పడుతుంది. 2024 అక్టోబరు 31 నుంచి అది 5 శాతం.

2025 ఏప్రిల్ 1 నుంచి ఉన్న రేట్ల ప్రకారం 4 లక్షల పౌండ్ల ఫ్లాటుకు మొదటిసారి కొనేవారు కట్టేది 5,000. మామూలుగా 10,000. హైదరాబాదు ఫ్లాటు ఉన్నవారు 30,000. మన ఊళ్ళో తల్లిదండ్రులు ప్రేమతో పిల్లల పేరున రాయించిన ఫ్లాటు కూడా ఇందులో లెక్కే. వారసత్వంగా వచ్చిన సగానికి మించని వాటాకు మాత్రం మొదటి మూడేళ్ళు అదనపు పన్ను నుంచి మినహాయింపు ఉంది. ఇవి ఇంగ్లండు, ఉత్తర ఐర్లండు లెక్కలు. స్కాట్లండు, వేల్స్‌ల పన్నులు వేరు.

సొలిసిటరు ఫారంలో "మీకు వేరే ఆస్తులున్నాయా" అని ఉన్నచోట మనవాళ్ళు కొందరు ఇక్కడి ఆస్తులే అనుకుని లేవని రాస్తారు. పన్ను శాఖ తర్వాత అడిగితే తేడాతో పాటు వడ్డీ, జరిమానా కొన్నవారి మీదే పడతాయి. ఉన్నదున్నట్టు ముందే చెప్పి, 30,000 అయితే 30,000 అని బడ్జెట్‌లో వేసుకుని ఇల్లు చూడండి.

ఆఫర్ పెట్టేముందు ఏజెంటును మూడు అడగండి: లీజులో మిగిలిన ఏళ్ళు, గ్రౌండ్ రెంటు ఎప్పుడెప్పుడు పెరుగుతుంది, సర్వీస్ చార్జి గత మూడేళ్ళలో ఎంత. జవాబులు ఈమెయిలులో తెప్పించుకుని సొలిసిటరుకు పంపండి.