మిట్టమధ్యాహ్నపు నీడ

యాదగిరిగుట్టలో నివసించే ఒక సోదరి డిసెంబరు నెలాఖరులో తన కుమార్తె జవాబు పత్రాన్ని తెచ్చి మా ముందుంచారు. ఏడవ తరగతి విజ్ఞానశాస్త్ర పరీక్ష అది. మధ్యాహ్నం పన్నెండు గంటలకు మన నీడ ఎలా ఉంటుందన్నది ప్రశ్న. "ఇది చలికాలం కనుక దాదాపు మన ఎత్తంత పొడవుగా, ఉత్తరం వైపు ఉంటుంది" అని ఆ బాలిక వ్రాసింది. ఆ జవాబును ఎర్ర సిరాతో కొట్టివేసి, "సూర్యుడు నడినెత్తిన ఉంటాడు, నీడ పాదాల కిందే ఉంటుంది" అని సరిదిద్దారు. పోయినది ఒక్క మార్కే. కాని ఆనాటి నుండి పాప తరగతిలో చేయి ఎత్తడం మానివేసిందని తల్లి ఆవేదన.

పాప వ్రాసినదే నిజం. గుట్ట సుమారు 17.6 డిగ్రీల ఉత్తర అక్షాంశంపై ఉన్నది. సూర్యుడు ఇక్కడ సరిగ్గా నడినెత్తికి చేరేది ఏడాదిలో రెండుసార్లే: మే 10 ప్రాంతంలో ఒకసారి, ఆగస్టు 2 ప్రాంతంలో మరొకసారి. అదైనా పన్నెండు గంటలకు కాదు. మన గడియారాలు 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశపు కాలాన్ని చూపుతాయి. గుట్ట దానికి పడమరన ఉండడం చేత మేలో సుమారు 12 గంటల 10 నిమిషాలకు, ఆగస్టులో 12 గంటల 20 నిమిషాలకు ఆ ఘడియ వస్తుంది. డిసెంబరు 21న మీటరు కర్రకు మధ్యాహ్నపు నీడ 87 సెంటీమీటర్లు. రేయింబవళ్లు సమానమయ్యే రోజుల్లో 32. జూన్ 21న మరో వింత: నీడ 10 సెంటీమీటర్లే, అదీ దక్షిణం వైపుకు!

"నీకిది ఎలా తెలిసిందమ్మా?" అని అడిగాము. "మా దాదా పెరట్లో కర్ర పాతారు" అన్నది. ఆ పెద్దాయన గోడ మీది నమాజు వేళల పట్టికను నమ్మరట. నీడ అన్నిటికంటె పొట్టిదై, తిరిగి పెరగడం ఆరంభిస్తే జుహ్ర్ వేళ ప్రవేశించినట్లు. ఆ పొట్టి నీడకు కర్ర పొడవు తోడైతే అస్ర్ వేళ. హనఫీ మతం ప్రకారం కర్ర పొడవుకు రెట్టింపు తోడవ్వాలి. మనుమరాలు ప్రతిదినం ఆయనకు కొలత చదివి వినిపించేది. తాత ఆరాధన కోసం కొలిచినది ఆ పిల్లకు ఖగోళశాస్త్రమై చేతికందింది. మనమో, ఆ పని ఫోనుకు అప్పగించి నిశ్చింతగా ఉన్నాము.

ఆ ఉపాధ్యాయుణ్ణి తప్పుపట్టడం మా ఉద్దేశం కాదు. ఆయనకూ బాల్యంలో ఎవరూ కర్ర పాతి చూపలేదు. మా మాట విని, జనవరి చివరి వారంలో ఒకరోజు ఆయనే తరగతి మొత్తాన్ని ఆవరణలోకి తీసుకువచ్చారు. మీటరు కర్రను నాటి, దారానికి రాయి కట్టి వేలాడదీసి, అది నిటారుగా ఉన్నదో లేదో పిల్లలే సరిచూశారు. కర్ర మొదలు కేంద్రంగా ఉదయమే ఒక వృత్తం గీశారు. నీడ కొస పూర్వాహ్నం వృత్తాన్ని తాకిన చోట ఒక గులకరాయి, అపరాహ్నం తాకిన చోట మరొకటి ఉంచారు. రెంటినీ కలిపితే తూర్పు పడమరల గీత వచ్చింది. పన్నెండు గంటలకు పిల్లలంతా నీడ చుట్టూ మూగారు. అది ఇంకా తగ్గుతూనే ఉన్నది. 12 గంటల 27 నిమిషాల ప్రాంతంలో సుమారు 73 సెంటీమీటర్ల వద్ద నిలిచింది. ఉపాధ్యాయుడు స్కేలు తీసుకొని తానే మరొకసారి కొలిచారు. మేము ఏమీ అనలేదు.

మిగిలిన సమయంలో ఒక చిన్న అద్దానికి కాగితం చుట్టి, మధ్యలో చిన్న చతురస్రపు రంధ్రం కత్తిరించాము. ఎండలో ఉంచిన ఆ అద్దం నుండి వెలుగును కిటికీ గుండా చీకటి గదిలోని గోడపైకి మళ్లించాము. పది మీటర్ల దూరాన పడిన వెలుగు చతురస్రం కాదు, గుండ్రని బిళ్ల! అది సూర్యుని ప్రతిబింబం. దాని వెడల్పు తొమ్మిదిన్నర సెంటీమీటర్లు, అనగా దూరంలో నూరవ వంతుకు కాస్త తక్కువ. సూర్యుడు 15 కోట్ల కిలోమీటర్ల దూరాన ఉన్నాడు కనుక ఆయన వ్యాసం సుమారు 14 లక్షల కిలోమీటర్లని పిల్లలు నల్లబల్లపై లెక్క తేల్చారు. వేపచెట్టు కింద పడే గుండ్రని వెలుగు మచ్చలూ ఇటువంటి ప్రతిబింబాలేనని చెప్పగానే సగం తరగతి చెట్టు వద్దకు పరుగెత్తింది.

తల్లిదండ్రులకు ఒక హెచ్చరిక. కొలవవలసినది నీడను, ప్రతిబింబాన్ని. సూర్యునివైపు నేరుగా చూడరాదు. ఎక్స్‌రే ఫిల్ము, మసి పట్టిన గాజు కంటిని కాపాడవు. కంటిలోపలి పొరకు నొప్పి తెలియదు. అది కాలిన సంగతి తరువాత గాని బయటపడదు. అలాగని భయపడి దాక్కోవడమూ తగదు. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ గ్రహణాన్ని పరిశీలించేందుకు ఉస్మానియా విశ్వవిద్యాలయపు జాపాల-రంగాపూర్ వేధశాల వద్ద శాస్త్రజ్ఞులు గుమిగూడగా, చుట్టుపట్ల ఎందరో తలుపులు బిగించుకొని కూర్చున్నారు. తమ కుమారుడు ఇబ్రాహీం మరణించిన నాడు గ్రహణం పట్టగా, ఎవరి చావుపుట్టుకలకూ దానితో సంబంధం లేదని దైవప్రవక్త (స) స్పష్టం చేసిన సంగతి మనం ఎరిగినదే.

ఇంటివద్ద చేయదగిన ప్రయోగం మరొకటి ఉన్నది. మన వైపు పడమరే ఖిబ్లా అనుకుంటాము. గుట్ట నుండి కాబా దిశ పడమరకు సుమారు 12 డిగ్రీలు ఉత్తరంగా ఉంటుంది. మే 27, 28 తేదీల్లో మన కాలమానం ప్రకారం మధ్యాహ్నం 2 గంటల 48 నిమిషాలకు, జూలై 15, 16 తేదీల్లో 2 గంటల 57 నిమిషాలకు సూర్యుడు కాబా గృహానికి నడినెత్తిన ఉంటాడు. ఆ నిమిషాన నీడ కొస నుండి కర్ర మొదలు వైపు చూస్తే అదే ఖిబ్లా. మేలో బడులకు సెలవులు. జూలైలో మబ్బులు ఉండవచ్చు. ఈ మాట చెప్పి మేము బయలుదేరుతుండగా వెనుక వరుసలో ఒక చేయి లేచింది. "సర్, జూలై పదహారున మూడు గంటలకు మాకు ఏ పీరియడ్ ఉంటుంది?" అని ఆ బాలికే తన ఉపాధ్యాయుణ్ణి అడిగింది.