గ్రేస్కేల్ ఒక్క లైను పని కాదు

మినీ ప్రాజెక్టుల కాలం వచ్చిందంటే మన ల్యాబుల్లో ఎక్కువగా కనబడేది కెమెరా యాపే. ఒక బ్యాచ్ అటెండెన్సు కోసం ముఖాలు గుర్తుపట్టిస్తుంది, ఇంకో బ్యాచ్ ఆకుల తెగుళ్లు కనిపెట్టిస్తుంది, మరొకటి కాయితాలు స్కాన్ చేసి పీడీఎఫ్ చేస్తుంది. మూడింట్లోనూ మొదటి మెట్టు దాదాపు ఒకటే: రంగుల ఫొటోని గ్రేస్కేల్‌లోకి మార్చడం. రిపోర్టులో దానికి ఒక్క వాక్యం దక్కుతుంది. వైవాలో దాని దగ్గర ఎవరూ ఆగరు. ఆగాలని నా అభిప్రాయం. ఆ లైను ఊరికే రంగు తీసేస్తున్నట్టు కనబడుతుంది గానీ, ఫొటోలో ఏ తేడాలు మిగలాలో, ఏవి పోవాలో అక్కడే తేలిపోతుంది.

ముందు లెక్క చూద్దాం. ప్రతి పిక్సెల్‌కీ ఎరుపు, ఆకుపచ్చ, నీలం అని మూడు సంఖ్యలు, ఒక్కోటి 0 నుంచి 255 దాకా. గ్రేస్కేల్ అంటే ఆ మూడింటి బదులు ఒక్క సంఖ్య. చాలామంది మూడూ కూడి మూడుతో భాగిస్తారు. బాగానే ఉంది కదా అనిపిస్తుంది. కానీ అలా చేస్తే నిండు ఎరుపుకి 85 వస్తుంది. నిండు ఆకుపచ్చకీ 85. నిండు నీలానికీ 85. కంటికి ఏ మాత్రం పోలిక లేని మూడు రంగులు ఒకే బూడిదలో కలిసిపోతాయి.

రెండో పద్ధతిలో ఎరుపుని 0.299తో, ఆకుపచ్చని 0.587తో, నీలాన్ని 0.114తో గుణించి కూడతారు. అప్పుడు అవే మూడు రంగులు 76, 150, 29 అవుతాయి. మన కంటికి ఆకుపచ్చ ఎక్కువ వెలుగుగా, నీలం చీకటిగా తోస్తుంది కాబట్టి ఈ బరువులు. ఇవి టీవీ కాలం నుంచి వచ్చాయి. రంగుల ప్రసారం వచ్చినప్పుడు పాత నలుపు-తెలుపు సెట్లు మూలన పడకూడదని ఇంజనీర్లు వెలుగు సిగ్నల్‌ని వేరుగా, రంగు సిగ్నల్‌ని వేరుగా ఉంచారు. 1982లో దూరదర్శన్ రంగుల్లోకి మారాక కూడా మన ఇళ్లలో నలుపు-తెలుపు టీవీలు ఏళ్ల తరబడి నడిచాయంటే కారణం అదే. ఆ సెట్లకి రంగుతో పనిలేదు, ఈ బరువులతో కూడిన మొత్తం చాలు.

ఇక్కడితో అయిపోతే బాగుండేది. ఓపెన్‌సీవీ వాడేది పైన చెప్పిన అంకెలనే. ఆండ్రాయిడ్‌లో కలర్‌మ్యాట్రిక్స్ తీసుకుని శాచురేషన్ సున్నా చేస్తే మాత్రం అది 0.213, 0.715, 0.072 వాడుతుంది. ఇవి హెచ్‌డీ టీవీ ప్రమాణం నాటివి. అంటే ఒకే ఎరుపు ఒక దారిలో 76, ఇంకో దారిలో 54. స్క్రీన్ మీద చూపించే ఫొటోకి ఒక దారి, మోడల్‌కి పంపే ఫొటోకి ఇంకో దారి వాడితే, మనం చూసి సరే అనుకున్నది ఒకటి, యంత్రం చూసింది ఇంకొకటి.

ఓపెన్‌సీవీలో ఇంకో ఉచ్చు కూడా ఉంది. కంప్యూటర్ మీద అది ఫైలు చదివితే రంగులు నీలం, ఆకుపచ్చ, ఎరుపు వరసలో వస్తాయి. ఫోన్‌లో బిట్‌మ్యాప్ నుంచి తెచ్చుకుంటే ఎరుపు ముందు వస్తుంది. పైథాన్ పాఠంలోని లైనుని అలాగే ఫోన్‌కి దించేస్తే ఎరుపు బరువు నీలానికి, నీలం బరువు ఎరుపుకి పోతుంది. యాప్ క్రాష్ అవదు, ఎర్రర్ రాదు, ఫొటో కూడా మామూలు గ్రేస్కేల్‌లాగే ఉంటుంది. ఎరుపు 29, నీలం 76 అయి కూర్చుంటాయి, అంతే.

దీనివల్ల ఎవరికి నష్టం అంటారా? బోడుప్పల్‌లో ఏ జిరాక్స్ దుకాణం దగ్గరైనా పది నిమిషాలు నిలబడి చూడండి. వచ్చే కాయితాల మీద నల్ల అక్షరాలు ఒక్కటే ఉండవు. ఊదా రంగు స్టాంపు, ఎర్ర సీలు, గెజిటెడ్ ఆఫీసరు ఆకుపచ్చ సంతకం, నీలం పెన్నుతో వేసిన తేదీ ఉంటాయి. మన దగ్గర కాయితానికి విలువ ఇచ్చేది అక్షరాల కంటే ఆ రంగులే. మా వీధిలో ఒక అక్క, కొడుకు హాస్టల్ సీటు కోసం ఫోన్‌తోనే స్కాన్ చేసి కాయితాలు పంపింది. యాప్ పేజీని మల్లెపువ్వులా తెల్లగా చేసింది, దాంతోపాటే లేత ఎర్ర స్టాంపునీ తుడిచేసింది. స్టాంపు లేదని ఒక ఆఫీసులో వెనక్కి పంపారు. కుట్టుమిషన్ పని ఒక పూట మానుకుని ఆమె మళ్లీ తిరిగింది.

అందులో మాయ ఏమీ లేదు. వెలిసిన ఎరుపు (230, 150, 150) అనుకోండి. బరువులతో లెక్కేస్తే 174 వస్తుంది. తర్వాత మెట్టులో 150 దాటిందంతా తెలుపు అని థ్రెషోల్డ్ పెట్టి ఉంటే, స్టాంపు కాయితంలో కలిసిపోతుంది. ఒక్క ఆకుపచ్చ చానల్‌నే గ్రేగా తీసుకుని ఉంటే అదే స్టాంపు 150 దగ్గర ఆగేది, థ్రెషోల్డ్ కాస్త జరిపితే నిలిచేది. తలకిందులు పని కూడా ఉంది. స్టాంపు కింద దాక్కున్న నల్ల అక్షరాలు చదివించాలంటే ఎరుపు చానల్ ఒక్కటే తీసుకోవాలి. అందులో ఎర్ర స్టాంపు తెల్లబడి తప్పుకుంటుంది, అక్షరాలు నల్లగా మిగులుతాయి. అక్షరాలు కావాలా, స్టాంపు కావాలా? ఇది ఫార్ములా తేల్చే ప్రశ్న కాదు.

సివిల్ వాళ్లకి ఇంకా దగ్గరి ఉదాహరణ. మనకి కూతవేటు దూరంలోనే, ఉప్పల్‌లో సర్వే ఆఫ్ ఇండియా ఉంది. వాళ్ల టోపోషీట్‌లో నీళ్లకి నీలం, ఊళ్లకి, రోడ్లకి ఎరుపు, చెట్లకి ఆకుపచ్చ, ఎత్తు గీతలకి గోధుమ రంగు. దాన్ని సగటు లెక్కతో గ్రేలోకి మారిస్తే చెరువూ ఊరూ దాదాపు ఒకే బూడిదలో కలిసిపోయే ప్రమాదం ఉంది. (హైదరాబాద్‌లో ఆ పని చేయడానికి యాప్ అక్కర్లేదనుకోండి.)

అలాగని 0.299 వాళ్ల అంకెలు వేదం కాదు. ఆకు తెగుళ్ల బ్యాచ్ వాళ్లకి ఈ లెక్క: పసుపు మచ్చ (200, 190, 40), లేత ఆకుపచ్చ (150, 215, 60). మొదటిది గ్రేలో 176, రెండోది 178. తెగులు మాయం! మోడల్ అన్నీ తనే నేర్చుకుంటుందని కొందరు మిత్రులు వాదిస్తారు. దానికి చేరేలోపే తుడిచేసిన తేడాని ఏ మోడలూ నేర్చుకోలేదు. ఆ ప్రాజెక్టులో గ్రేస్కేల్ మెట్టే ఉండకూడదని నా మాట.

పోయింది తిరిగి రాదనడానికి మన హైదరాబాద్‌లోనే సాక్ష్యం ఉంది. 1957 నాటి మాయాబజార్‌కి ఇక్కడి గోల్డ్‌స్టోన్ టెక్నాలజీస్ రంగులు వేయించి 2010 జనవరిలో విడుదల చేసింది. నలుపు-తెలుపు ఫిల్ము ఒక పట్టుబట్ట ఎంత వెలుగులో ఉందో చెబుతుంది, అది ఎరుపో ఆకుపచ్చో చెప్పదు. అందుకే ఆ రంగులు మనుషులు కూర్చుని కొత్తగా ఎంచుకోవాల్సి వచ్చింది. కాబట్టి స్కానర్ యాప్ రాసేవాళ్లు అసలు రంగుల ఫొటో మీదే గ్రే ఫొటోని సేవ్ చేయకండి. రెండూ ఉంచండి. జాగా ఖర్చు అంటారు, నిజమే. ఆ అక్క బస్సు చార్జీ కంటే తక్కువే.

అటెండెన్సు బ్యాచ్‌కి ఒక శుభవార్త. కెమెరా నుంచి వచ్చే ఫ్రేము సాధారణంగా వైయూవీ రూపంలో ఉంటుంది. అందులో మొదటి ప్లేనే వెలుగు, అంటే గ్రేస్కేల్ అప్పటికే మీ చేతిలో ఉంది. దాన్ని ఆర్‌జీబీ చేసి మళ్లీ గ్రే చేయడం, ముక్కు ఏదంటే తల చుట్టూ తిప్పి చూపించినట్టు. వరస చివర ఖాళీ బైట్లు ఉండొచ్చు, రో స్ట్రైడ్ చూసుకుని చదవండి. లేకపోతే ముఖాలన్నీ ఏటవాలుగా జారిపోతాయి.

నేను నాలుగు నమూనాలు తయారుచేసి క్లబ్ గదిలో బల్ల మీద పెట్టాను: నల్ల అక్షరాల మీద ఎర్ర స్టాంపు, ఊదా స్టాంపు కింద నీలం సంతకం, రంగుల మ్యాపు ముక్క, పసుపు మచ్చలున్న ఆకు ఒకటి. రివ్యూకి ముందు మీ యాప్‌తో వాటిని ఒకసారి ఫొటో తీసి, గ్రేలో ఏది మిగిలిందో చూసుకోండి. ఆకు మాత్రం ఎండిపోతోంది, మూడు రోజులకోసారి మారుస్తున్నాను. దొరికినవాళ్లు తెచ్చిపెడితే సంతోషం.