డిజైను ఫోటో పంపేముందు

మన పోచంపల్లి, పుట్టపాక, కొయ్యలగూడెం మగ్గాలవారికి వ్యాపార రహస్యం అంటే గ్రాఫ్ కాగితంపై గీసుకున్న కొత్త డిజైనే. దానిని బట్టే నూలుకు గుర్తులు పెట్టాలి, రబ్బరు పట్టీలతో చిటికి కట్టాలి, రంగులు అద్దాలి. ఇంటిల్లిపాదీ రోజుల తరబడి శ్రమిస్తే గాని మొదటి చీర మగ్గం దిగదు.

ఆ రహస్యం ఎత్తుకుపోయేందుకు ఇప్పుడు దొంగ గోడ దూకనక్కరలేదు. 'కొత్త రకం ఉంటే ఫోటో పెట్టన్నా, వంద చీరలు తీసుకుంటాం' అని వాట్సాప్‌లో కబురు వస్తే చాలును. మనవారు సంబరపడి చీర పరచి నాలుగు ఫోటోలు పంపుతారు. అడిగిందే తడవుగా గ్రాఫ్ కూడా పంపినవారిని ఈ విలేకరి ఎరుగును. ఆపైన అటునుంచి ఉలుకూ పలుకూ ఉండదు. రెండో చీర మగ్గం మీద ఉండగానే అదే బొమ్మ అచ్చు గుడ్డపై పడి పట్నం దుకాణాల్లో వేలాడుతుంది. దాని ధర మన పట్టు నూలు ఖరీదు కన్నా తక్కువ!

పోచంపల్లి ఇక్కత్‌కు 2005లో భౌగోళిక గుర్తింపు వచ్చింది కదా అని కొందరు ధీమాగా ఉన్నారు. ఆ రక్షణ పేరుకే గాని, ఎవరికి వారు కొత్తగా గీసిన బొమ్మకు కాదు. బొమ్మకు 2000 నాటి డిజైన్ల చట్టం ఉంది. రిజిస్టరు చేయిస్తే 10 సంవత్సరాల హక్కు, ఆపైన మరి 5 సంవత్సరాల పొడిగింపు. వ్యక్తులకు దరఖాస్తు ఫీజు 1,000 రూపాయలు.

అయితే ఇందులో ఒక మెలిక ఉంది. దరఖాస్తుకు ముందే బొమ్మ బయటపడితే అది కొత్తది కాదంటారు. గ్రూపుల్లో పెట్టిన ఫోటోయే మన హక్కుకు గండి కొట్టవచ్చును. నమ్మి ఒకరికి చూపినదానికి చట్టం మినహాయింపు ఇచ్చింది నిజమే, కాని నమ్మకం మీదే చూపామని కోర్టులో రుజువు చేయడం మగ్గం మనిషి తరమా?

అడ్వాన్సు అందేదాకా అంచు మూల మాత్రమే చూపడం మేలు. గ్రాఫ్ ఎవరికీ పంపరాదు. ఫోను పరాయి చేతికి ఇచ్చి తీసుకున్నాక వాట్సాప్‌లో 'లింక్డ్ డివైసెస్' తెరచి, తెలియని కంప్యూటరు ఏదైనా కనిపిస్తే వెంటనే తొలగించాలి.

డిజైన్ల కార్యాలయం కలకత్తాలో ఉంది, ఫారాలు ఇంగ్లీషులో ఉన్నాయి. చేనేత శాఖవారు నెలకొక రోజు సొసైటీలో కూర్చుండి, దసరా గిరాకీకి ముందే ఈ దరఖాస్తులు నింపించాలని నేతన్నలు కోరుతున్నారు.