మేసనుల మట్టపుబద్ద, చిలుకూరి ప్రదక్షిణము

ఫ్రీమేసనుల సంఘకర్మలనుగూర్చి మన దేశమున రెండభిప్రాయములు ప్రచారమున నున్నవి. తలుపులు మూసికొని చేయుదురు గావున అవి క్షుద్రవిద్యలని కొందరందురు. ఉత్తరదేశపు పట్టణములలో మేసను మందిరమునకు 'జాదూఘర్' అను పేరే కలిగినది. ఆ కర్మలయందు ఈజిప్టు పూజారుల గుప్తజ్ఞానమో, మన వేదాంతరహస్యమో దాగియున్నదని మరికొందరు వాదింతురు, వీరు చదువుకొన్నవారు. లెడ్‌బీటరు తన దివ్యదృష్టిని ప్రమాణముగా జూపి 1926లో ఈ రెండవ పక్షమునకు గ్రంథమునే వ్రాసెను. ఈ యిరుతెగలవారును పైకి విరోధులు గాని లోన నొక్కటియే. ప్రతీక యనగా లోపల నేదో దాచిన పెట్టె యని యిరువురును నమ్మిరి. అందు దయ్యమున్నదని యొకరు, నిధి యున్నదని యొకరు. మేము ఖండింపదలచినది ఈ నమ్మకమునే.

ఇంతకును ఆ కర్మలో నున్నదేమి? తాపీపనివాని సామగ్రి. మూల సరిచూచు మూలమట్టము, నేలయొక్క సమత తెలుపు మట్టపుబద్ద, గోడ నిలువు చూపు తూకపుగుండు, ఇరువదినాలుగంగుళముల కొలబద్ద, ఉలి, సుత్తి. క్రొత్తగా చేరవచ్చినవాని కన్నులకు గంతలు కట్టి, మెడకు త్రాడు వేసి, ఒంటిమీది డబ్బును లోహములను తీసివేసి లోనికి గొనిపోవుదురు. చెక్కని రాయి నొకదానిని, చెక్కిన రాయి నొకదానిని చూపుదురు. వీని నీతిని వివరించు గ్రంథమును విలియము ప్రెస్టను 1772లోనే అచ్చొత్తించెను గనుక ఇందు గుట్టేమియు లేదు. కొలబద్ద యిరువదినాలుగు గంటల దినము. చెక్కని రాయి సంస్కారము లేని మనిషి. మట్టపుబద్ద మనుష్యుల సమత్వము. లోన ధనికుడును లేడు, దరిద్రుడును లేడని తెలుపుటకే డబ్బు తీసివేయుట. ఇది గ్రహించుటకు దివ్యదృష్టి యేల? అక్షరము రాని మేస్త్రియైనను గ్రహించును.

మూడవ దీక్షలోని హీరాముని కథ యింతకంటె గంభీరమైనది. బైబిలులో హీరాము తూరు పట్టణమునుండి సొలొమోను దేవాలయపు పనికి వచ్చిన కంచుపనివాడు. అందతని హత్య లేదు. హత్య మేసనుల కల్పన. మేస్త్రి పదవికి చెందిన రహస్యపదమును చెప్పుమని ముగ్గురు తోడిపనివాండ్రు ఆలయపు మూడు ద్వారములయొద్ద అతనిని నిర్బంధింతురు. అతడు మాట తప్పక ప్రాణము విడుచును. ఇది చరిత్రమా యని త్రవ్వువారును, చరిత్రము గాదని నవ్వువారును ఒక్క సంగతిని విడిచిపెట్టిరి. ఇంగ్లీషు సంప్రదాయమున హీరామును కొట్టినది దేనితో? మొదట తూకపుబద్దతో, పిమ్మట మట్టపుబద్దతో, తుదకు సమ్మెటతో. సమత్వమును బోధించిన పనిముట్టే తోడివాని చేత ఆయుధమైనది! ఈ కథలో మాకు గనబడు ముఖ్యార్థ మిదియే. శత్రువుల కత్తికంటె మన చేతి మట్టపుబద్దకే మనము భయపడవలెను.

ఈ యర్థము మా యూహ మాత్రమే యనువారికి కలకత్తా వృత్తాంతమును చూపుదుము. ప్రసన్నకుమార దత్తు అను వంగీయుడు 1863లో మేసను సంఘమున ప్రవేశము గోరెను. ఏసియావాసిని చేర్చుకొనుటకు ప్రాంతీయాధిపతి యనుమతి కావలెనను నిబంధన నడ్డము పెట్టిరి. హిందువునకు కులభేదమున్నది, బహుదేవతారాధన యున్నది, ఇట్టివానికి సమత్వ మెట్లు పట్టునని తర్కించిరి. కులమును నిందించుచునే ఆ దొరలు తమ కులమును గాపాడుకొనిరి! తొమ్మిదేండ్ల పోరాటము పిమ్మట 1872లో దత్తునకు ద్వారము తెరచుకొనెను. ఆ సంవత్సరముననే మన హైదరాబాదులో తానీషా కాలపు గోషామహలు బారాదరి మేసనుల వశమయ్యెను. స్త్రీల సంగతి వేరు. 1902లో అనీబెసంటు స్త్రీపురుషులకు సమప్రవేశము గల శాఖను ఇంగ్లండున స్థాపించినది గాని, 1961లో నేర్పడిన భారత గ్రాండు లాడ్జి నేటికిని పురుషులనే చేర్చుకొనును. మట్టపుబద్దకు స్త్రీపురుషభేదము తెలియునని ఏ మేస్త్రియు మాతో జెప్పలేదు.

పరులను నిందించుట సులభమని చదువరు లనవచ్చును. కావున ఇంటికే వత్తము. మొయినాబాదు మండలమందలి చిలుకూరున, గండిపేట చెరువు చెంతనున్న బాలాజీ యాలయమునకు చేవెళ్ల, మొయినాబాదు ప్రాంతములవారే గాక నగరవాసులును వేలకొలది వత్తురు. కోరిక చెప్పుకొనునపుడు పదునొకండు ప్రదక్షిణములు, తీరిన పిదప నూటయెనిమిది. లెక్క తప్పకుండ అంకెలచ్చొత్తిన కాగితముపై గుర్తు పెట్టుకొనుచు తిరుగుదురు. విదేశప్రయాణపు అనుమతి గోరువారు మెండగుటచే స్వామికి 'వీసా బాలాజీ' యను పేరు వచ్చినది. నడకను మేము నిందింపము. ప్రదక్షిణమనగా నడుమనున్న దానికి దూరము గాక, దానిని దాటిపోక, చుట్టును మెలగుట. దానిని అప్పు తీర్చు కిస్తుగా మార్చినపుడు అర్థమెక్కడ మిగులును? పెట్టెలో నిధి యున్నదను లెడ్‌బీటరునకును, నూటయెనిమిదవ గడిలో వీసా యున్నదను భక్తునకును భేదమేమో మాకు దోచదు.

విచిత్రమేమనగా ఆ యాలయమున అందరి కన్నులయెదుట నొక గొప్ప ప్రతీక యున్నది. అచట హుండీ లేదు. విశేషదర్శనపు టిక్కెట్టు లేదు. మేసనులు దీక్షాసమయమున గడపవద్ద తీసివేయించు డబ్బును చిలుకూరివారు ప్రతిదినమును గడపవద్దనే నిలిపిరి! వీసాకథలు చెప్పువారిలో ఈ సంగతి చెప్పువా రెందరు?

ఆ యాలయార్చకులైన సి.ఎస్. రంగరాజన్ గారు 2018 ఏప్రిలులో హైదరాబాదు జియాగూడ రంగనాథాలయమున ఒక దళితభక్తుని భుజములపై నెక్కించుకొని లోనికి గొనిపోయిరి. లోకసారంగముని తిరుప్పాణాళ్వారును మోసిన గాథకు ఇది పునరాచరణము. ప్రతీకను వ్యాఖ్యానించు విధ మిదియే. అర్థము చెప్పువాని భుజమే ఆ బరువు మోసినది. చూచి చప్పట్లు కొట్టినవారిపై మాత్రము ఏ బరువును పడలేదు. హోటలులో రెండు గ్లాసుల పద్ధతిని కన్నులార చూచియు నోరెత్తనివాడు మునివాహనసేవకు పరవశించిన నేమి ఫలము?

మరియొక మాట. ఈ పనిముట్లన్నియు ఒకరివద్ద నెరువు దెచ్చుకొన్నవి. మన తెలుగునాట బండను పగులగొట్టువాడు వడ్డెర, గోడ నిలుపువాడు తాపీమేస్త్రి. వాని చేతిలో మట్టపుబద్ద ప్రతీక గాదు. అది తప్పిన గోడ కూలును, కూలి పోవును. ఉలికిని సుత్తికిని అర్థము చెప్పు పెద్దలు చేవెళ్ల మార్గమున రాయి కొట్టు వడ్డెరను ఆ మందిరమునకు పిలిచి, తమ సరసన కుర్చీ వేసి, నీ పనిముట్టునకు అర్థమేమి నాయనా యని యడుగుదురా?