డబ్బిచ్చేవాడు ముందు డబ్బడగడు

"మీ పొలంలో సెల్ టవర్ వేస్తాం. లక్షల్లో అడ్వాన్సు, నెలనెలా అద్దె" అని ఒక ఈమెయిల్ వస్తుంది. దానికి ట్రాయ్ ముద్ర ఉన్న అనుమతి పత్రం కూడా జతచేసి ఉంటుంది. ముందు రిజిస్ట్రేషన్ ఫీజు కట్టమంటారు. కట్టాక జీఎస్టీ అంటారు, ఆ తర్వాత ఎన్ఓసీ ఖర్చు అంటారు. అప్పటికే కట్టింది పోతుందన్న భయంతో రైతు మళ్లీ కడతాడు. చివరికి ఆ ఫోన్ మోగదు.

టవర్లకు ఎన్ఓసీ ఇవ్వడం గానీ, ఫీజు వసూలు చేయడం గానీ తన పని కాదని ట్రాయ్ పలుమార్లు ప్రకటించింది. టవర్ కంపెనీ భూయజమానికి అద్దె చెల్లిస్తుందే తప్ప అతని దగ్గర వసూలు చేయదు.

ఈ మోసం పాతదే. మనకు 420 ఎలాగో, నైజీరియా చట్టంలోని 419 సెక్షన్ అలాగే ఈ మోసానికి ప్రపంచమంతటా పేరైంది. వేషాలే మారుతున్నాయి. లాటరీ, తక్కువ వడ్డీ రుణం, రిజర్వు బ్యాంకులో మీ పేరిట నిధి అంటారు. రిజర్వు బ్యాంకు వ్యక్తులకు పొదుపు, డిపాజిట్ ఖాతాలు తెరవదు. అశోక్ నగర్ హాస్టళ్లలో ఉంటూ చిక్కడపల్లి లైబ్రరీలో చదువుకునే మన పిల్లలకైతే "ఉద్యోగం ఖాయం, ప్రాసెసింగ్ ఫీజు కట్టండి" అంటారు. పరీక్ష రాయకుండా గ్రూప్స్ ఉద్యోగం ఎవరూ ఇవ్వలేరు.

మోసపోయిన రైతుది దురాశ అని కొందరు తేలిగ్గా అనేస్తారు. మేం ఒప్పుకోం. పంట పోయి, అప్పు మీదపడి, కౌలు కాగితం లేదని బ్యాంకు తిప్పి పంపినవాడికి లక్ష రూపాయల మాట గడ్డిపరకలా కనిపిస్తుంది. మోసగాడు అమ్ముతున్నది ఆ అవసరాన్నే. అందుకే జాగ్రత్తలు చెప్పి ఊరుకుంటే చాలదు. కౌలు రైతుకు సకాలంలో పంట రుణం అందాలి. కోఠి బ్యాంక్ స్ట్రీట్‌లోని పెద్దాఫీసుల నుంచి మారుమూల బ్రాంచి దాకా ఈ మోసాలపై తెలుగులో బోర్డులు పెట్టాలని డిమాండ్ చేస్తున్నాం.

రైతు సోదరులకు, అక్కచెల్లెళ్లకు మా మనవి: మీకు రావలసిన డబ్బు కోసం ముందుగా డబ్బు కట్టమన్నారంటే అక్కడే ఆగండి. ఊళ్లో చదువుకున్న పిల్లలకో, సంఘం కార్యకర్తకో ఆ ఉత్తరం చూపించండి. ఇప్పటికే కట్టి ఉంటే సిగ్గుపడి దాచకండి. వెంటనే 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చెబితే డబ్బును ఆపగలిగే అవకాశం అంత ఎక్కువ. మెసేజీలు, చెల్లింపు రసీదులు చెరిపేయకండి. ఒకరు బయటికి చెబితే ఊళ్లో పదిమంది జాగ్రత్తపడతారు.